ఐలమ్మ తలుపు కొడితే

సూరత్‌లోని లింబాయత్‌లో మా గల్లీ మలుపు తిరిగే ముందు ఐలమ్మ గొంతెత్తి అరుస్తుంది: "ఉత్తగనే వస్తున్న!" కూరగాయలకు వచ్చినా అంతే, తెలిసినవాళ్లతో రెండు మాటలు మాట్లాడదామని వచ్చినా అంతే. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు ఆమెకు మతి తప్పిందనుకుంటారు. మాకు మాత్రం ఆ కేక వింటేనే ప్రాణం కుదుటపడుతుంది. ఆ కేక లేకుండా ఐలమ్మ ఎవరి తలుపైనా కొట్టిందంటే, ఆ ఇంట్లో ఎవరో పోయారన్న మాటే.

ఆమె మా నేత కార్మికుల సంఘానికి కోశాధికారి. పదవి పేరు పెద్దదే గాని సంఘం చిన్నది. కరీంనగర్, సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి వచ్చి సూరత్‌లో పాతుకుపోయిన నూటికి కాస్త పైగా ఇళ్లు. నెలనెలా ప్రతి ఇంటి నుంచీ యాభై రూపాయలు వసూలు చేస్తారు. ఆ డబ్బు ఒక్క పనికే. ఎవరైనా పోతే, శవం గడప దాటకముందే ఎనిమిది వేలు ఆ ఇంటివాళ్ల చేతిలో పెట్టాలి. వాళ్లు అడగకూడదు. ఏడ్చేవాడిచేత చెయ్యి చాపించడం పాపమని మా పెద్దల మాట. ఆ డబ్బును కూడా వట్టి నోట్లుగా ఇవ్వరు. మగ్గం మీద నుంచి కోసిన, నీళ్లు తగలని కోరా గుడ్డలో మూటకట్టి ఇస్తారు. డబ్బు ఖర్చులకు, గుడ్డ శవం మీదికి. బతికినన్నాళ్లూ బట్ట నేసినవాడు పాత దుప్పటి కప్పుకుని పోకూడదు కదా.

ఐలమ్మ భర్త గంగారాం ఉన్నప్పుడు ఈ పని ఆయనది. ఆయన పోయాక ఎవరూ ముందుకు రాలేదు. సావు మూటలు మోసే పదవి ఎవడికి కావాలి? చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించి బతికే ఐలమ్మే ఆ మూట ఎత్తుకుంది. జీతం లేదు, పొగడ్త అసలే లేదు. దండ వేస్తామంటే చాలు మెడ ముందుకు చాచే మా అధ్యక్షుడు దేవదాస్ మొదటి లాక్‌డౌన్‌లోనే లారీ ఎక్కి ఊరికి పోయాడు. పోతూ పోతూ సంతకాలు పెట్టిన చెక్కులు ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వున్నవు గద అక్కా, నాకేం ఫికర్ లేదు."

"నీకు లేదు బిడ్డా, నాకున్నది" అంది ఐలమ్మ.

కరోనా రెండో ఏడు ఎండాకాలం వచ్చేసరికి ఆ ఫికర్ అందరికీ అంటుకుంది. ఉన్ బస్తీలో ఒకరు, మా వెనక గల్లీలో ఇద్దరు పోయారు. ఐలమ్మ మూట పట్టుకుని వస్తుంటే తలుపులు టపటపా మూసుకునేవి. పిల్లలను లోపలికి లాక్కునేవాళ్లం. ఆమె చప్పుడు లేకుండా నడిచి ఒక గడప ముందు ఆగేది, మిగతా గల్లీ అంతా ఊపిరి వదిలేది. ఆమెకు మాత్రం భయం లేదా? ఇంటికి పోయి బయటే స్నానం చేసి, రాత్రంతా తన నుదురు తానే తడిమి చూసుకునేది. ఈ మూట ఏదో ఒక రోజు తన గుమ్మానికే వస్తుందని, అప్పుడు తెచ్చిపెట్టే దిక్కు కూడా ఉండదని ఆమె భయమట, మాకు చాలా తర్వాత తెలిసింది.

అలాంటి రోజుల్లో పరమేశ్ మంచాన పడ్డాడు. మగ్గం నడిపే కుర్రవాడు, ఇద్దరు చిన్న పిల్లలు. ఊపిరి ఆడడం లేదు. ఒక దవాఖానలో పడక దొరికింది గాని ముందు ఇరవై వేలు కట్టమన్నారు. అతని భార్య లత అప్పటికే చెవుల కమ్మలు అమ్మేసింది. సంగతి తెలిసి ఐలమ్మ దేవదాస్‌కు ఫోన్ చేసింది.

"రూల్ ఉన్నది గద అక్కా. సావుకు తప్ప ఇయ్యరాదు."

"అంటే వాడు సచ్చేదాంక ఆగాల్నా?"

"రేపు ఇంకెవలన్న పోతే ఏమిస్తవు? అందరు నిన్నే దొంగంటరు."

అది నిజమే. అయినా బ్యాంకుకు పోయి డబ్బు తెచ్చింది. అక్కడే పొరపాటు చేసింది. చెయ్యి అలవాటు చెయ్యిదే కదా, ఆదరాబాదరాలో ఆ నోట్లను కోరా గుడ్డలోనే మూటకట్టింది. గల్లీ మలుపులో కేక వేయడం కూడా మరిచి నేరుగా వెళ్లి తలుపు కొట్టింది.

లత తలుపు తీసి మూట చూసింది. ఒక్క కేక పెట్టి గుమ్మంలోనే కూలబడింది.

"ఇంకా బతికే ఉన్నడు! ఎందుకొచ్చినవ్? పో అవుతలికి!"

లోపల నులక మంచం మీద పరమేశ్ తల తిప్పాడు. గుడ్డను చూశాడు. "వచ్చినవా అక్కా" అన్నాడు, చుట్టాన్ని పలకరించినట్టు. అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇది దవాఖానకని ఎంత చెప్పినా లత చేతులు వెనక్కి దాచుకుంది. ఆ మూట అందుకుంటే మొగుణ్ణి అప్పగించినట్టేనని ఆమె భయం. కొంగు పట్టుకుని పిల్లలు ఏడుస్తున్నారు. అప్పుడు ఐలమ్మకు కోపం వచ్చింది. లత మీద కాదు, తన చేతిలోని గుడ్డ మీద. నోట్లు తీసి రొమ్ముకు అదుముకుని, ఆ గుడ్డను పళ్లతో పట్టి బర్రున చింపింది. రెండు, నాలుగు, ఎనిమిది పేలికలు చేసి బయటి మురుగు మోరీలో పడేసింది.

"ఇగ సూడు పరమేశ్! నీకు బట్ట లేదు. బట్ట లేంది ఎట్ల పోతవో నేనూ సూస్త!" అని లతవైపు తిరిగింది. "నేను దానం చెయ్య రాలే. అప్పియ్య వచ్చిన. నెలనెలా కట్టాలె. అప్పు తీరేదాంక పరమేశ్ గిట్ల గోడకు మొగం పెట్టి పంటనంటే ఊకోను!"

అప్పు అనేసరికి లత ఏడుపు ఆగింది. అప్పులవాళ్లతో మాట్లాడడం ఆమెకు తెలిసిన పనే. "నెలకెంత?" అని అడిగి, డబ్బు తీసుకుని ఆటో కోసం పరుగెత్తింది.

పరమేశ్ బతికాడు. కాని దేవదాస్ చెప్పింది కూడా జరిగింది. పరమేశ్ ఇంకా దవాఖానలో ఉండగానే బుచ్చిరాములు తాత పోయాడు. ఐలమ్మ దగ్గర మిగిలింది మూడు వేలు. ఆ మూట పట్టుకుని పోతుంటే అడుగు పడలేదని తర్వాత మాతో చెప్పింది. తాత కొడుకు సురేశ్ మూట విప్పి, ఎంతుందో చూసి, తలెత్తాడు.

"మా నాయిన పైసలేడబోయినయ్ అక్కా?"

"పరమేశ్ ఊపిరికి పెట్టిన. తప్పైతే తప్పే. మిగిలింది నీకు తెచ్చిస్త."

"మీటింగుల అడుగుత" అన్నాడు సురేశ్. తిట్టకుండా మూట మళ్లీ కట్టుకుని లోపలికి పోయాడు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

మీటింగు మరుసటి ఏడాది గాని జరగలేదు. దేవదాస్ తిరిగొచ్చాడు, దండ వేయించుకున్నాడు. అప్పటికి పరమేశ్ కట్టిన డబ్బులోంచే ఐలమ్మ సురేశ్ బాకీ తీర్చేసింది. ఇక పరమేశ్ అప్పులో మిగిలింది వంద రూపాయలు.

"ఆ వంద గూడ కట్టు, లెక్క ఒడగొడదాం" అన్నాడు దేవదాస్.

పరమేశ్ లేచాడు. "అది మాత్రం ఇయ్య అన్నా. కావాలంటే సంఘానికి వెయ్యి చందా ఇస్త. అప్పున్నన్నాళ్లు అక్క నన్ను పోనియ్యదు. ఆ వంద తీరిన నాడు నాకు భయం."

ఎవరూ నవ్వలేదు. అందరం సురేశ్ వైపు చూశాం. అడుగుతానన్నవాడు అతనే. సురేశ్ నెమ్మదిగా ముందుకు వచ్చి ఐలమ్మ ముందు నిలబడ్డాడు.

"అక్కా, మా అమ్మకు పానం బాగుంటలేదు. ఆమె పేరు మీద నాకూ ఓ వంద అప్పియ్యి."

ఐలమ్మ సంఘం సంచిలోంచి వంద నోటు తీసి ఇచ్చింది. వెనకనుంచి లత లేచింది, మా ఆవిడ లేచింది, ఇంకెవరెవరో లేచారు. రూలు, రూలు అంటున్న దేవదాస్ కూడా చివరికి వరుసలో నిలబడ్డాడు. అందరికీ ఇచ్చి, ఖాళీ సంచి మడుచుకుంటూ ఐలమ్మ చిన్న గొంతుతో అడిగింది.

"మరి నాకెవలిస్తరు బిడ్డా?"

అన్నేళ్లు మా గడపలు తొక్కిన మనిషికి భయం ఉంటుందని మాలో ఒక్కరికీ తోచలేదు. సురేశ్ తన జేబులోంచి వంద తీసి ఆమె గుప్పిట్లో పెట్టి మూశాడు.

"ఇది అప్పు అక్కా. తీర్చినవంటే ఊకోను."