సీటు ఇప్పించిన చెయ్యి

నా ఎడమచేతికి ఫిస్టులా ఉండేది. డయాలసిస్ సూదులు గుచ్చడానికి రెండు రక్తనాళాల్ని కలిపి కుట్టిన చోటు అది. గుచ్చీ గుచ్చీ మోచేతి దగ్గర నిమ్మకాయలంత బుడిపెలు లేచాయి. వేలు ఆనిస్తే లోపల గుర్రుమని అదిరేది. మా అక్క తన కిడ్నీ ఇచ్చి మూడేళ్లయింది, ఫిస్టులాతో ఇక పని లేదు. అయినా అలాగే ఉంచుకున్నాను.

తిరువళ్లూరులో నన్ను చూసే డాక్టరమ్మ గుండె స్కాను చూసి మొహం మీదే చెప్పింది. ఫిస్టులాలో రక్తం మరీ ఎక్కువగా పారుతోంది, గుండె ఉబ్బుతోంది, కిడ్నీ చక్కగా పనిచేస్తోంది కాబట్టి ఆపరేషన్ చేసి మూసేయాలి అని. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది దానివల్లేనట. "మళ్లీ అవసరమొస్తే?" అన్నాను. ఇంట్లోనూ అదే పాట పాడాను. అసలు సంగతి వేరు. లోకల్ ట్రైన్‌లో చొక్కా చెయ్యి పైకి మడిస్తే చాలు, ఎవరో ఒకరు లేచి సీటిచ్చేవాళ్లు. తిరువళ్లూరు పక్కనే మణవాళనగర్‌లో ఉంటూ రోజూ చెన్నైకి పోయివచ్చే నాకు అదెంత సుఖమో! ఇంత సిగ్గుమాలిన కారణం ఎవరికని చెప్పను?

తన కిడ్నీ నాకు అతుక్కుంటే జుట్టిస్తానని అక్క తిరుత్తణి మురుగనికి మొక్కుకుంది. మొన్న తమిళుల ఆడి నెలలో సెలవు పెట్టి ఇద్దరం బయల్దేరాం. రైల్లో కాలు పెట్టే చోటు లేదు. అలవాటుగా చొక్కా మడిచాను. ఒకాయన గభాలున లేచాడు. అక్క మోకాళ్ల నొప్పులతో కమ్మీ పట్టుకుని నిలబడితే, నేను కూర్చున్నాను.

"కిడ్నీ ఇచ్చేవాళ్లు దొరకలేదా అన్నా?" అని అడిగాడాయన, పాపం.

దొరికారంటే సీటు పోతుందేమో అనుకున్నాను. "ఇంకా లేదన్నా" అనేశాను.

అక్క విన్నది. కిటికీ వైపు తిరిగి, తిరుత్తణి దాకా నన్ను చూడలేదు. లేచి నిలబడాలనిపించింది, అయినా కూర్చునే ఉన్నాను. అబద్ధం కంటే అదే నన్ను ఇప్పటికీ తినేస్తోంది.

కొండమీద గుండు కొట్టే ఆయన మనవాడే, తెలుగాయన. అక్క తలకు నీళ్లు పట్టిస్తూ "ఏం మొక్కమ్మా?" అన్నాడు.

"మా తమ్మునికి కిడ్నీ అతుక్కోవాలని."

"అతుక్కునిందా?"

"యాడ? ఇంకా దొరకనే లేదంట. వాడే చెప్పినాడు."

"మరి ఇప్పుడే ఎందుకిస్తా ఉండావమ్మా?"

"నువ్వు గీకు నాయనా."

నాకు తల కొట్టేసినట్టయింది. "దొరికింది. ఈమే ఇచ్చింది. నేను అబద్ధం చెప్పినా" అన్నాను, వరసలో అందరూ తిరిగి చూసేంత గట్టిగా. అక్క పక్కన గొంతుక్కూర్చుని, సీటు కోసమే ఇన్నాళ్లూ ఫిస్టులా మూయించుకోలేదని కక్కేశాను.

తిడుతుందనుకున్నాను. సగం గీసిన తల పైకెత్తి చూసింది.

"ఎప్పుడు మూయించుకుంటావు?"

"తొందర్లోనే అక్కా."

"ఎప్పుడని అడిగినా."

కత్తి ఆగిపోయింది. అక్కడే ఆస్పత్రికి ఫోన్ చేశాను.

"వచ్చే బుధవారం" అన్నాను.

అప్పుడు గానీ అక్క మళ్లీ తల వంచలేదు.