‘ఉన్నారా’ అంటే ‘ఉండారా’ అన్న క్వారీ

దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. అవి నన్ను నమ్మాయో లేదో అడగలేదు.

మాది పుంగనూరు. మదనపల్లెలో డిగ్రీ చదివాక నా నోట్లో ‘ఉండారు’ పోయి ‘ఉన్నారు’ వచ్చింది. మా అమ్మ దాన్ని జబ్బు కిందే లెక్కేసేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, కుప్పం చుట్టుపక్కల వదిలేసిన గ్రానైట్ క్వారీల్లో ప్రమాదాలు చూసే పని దొరికింది. నీళ్లు నిండిన గుంత, దాని అంచున పారేసిన రాళ్లూ మట్టీ గుట్ట, పైన వాన. విడివిడిగా అన్నీ మర్యాదస్తులే. పెళ్లిలో బంధువుల్లాగా, కలిసినప్పుడే గొడవ. ఏది దేన్ని రెచ్చగొడుతుందో చూడటమే నా ఉద్యోగం.

ఒక ఉదయం అలాంటి ఒక క్వారీకి బయల్దేరితే, ఆ ఊరి రైతు మునెప్పన్న నా వెంట వచ్చాడు, తన ఆవుల్నీ తోలుకుని. ముసురు పట్టినా ఆయన బోరులో మాత్రం నీళ్లు రాలేదు.

"ఈ నీళ్లు తాగితే నా ఆవులు బతుకుతాయా సస్తాయా, అది సెప్పప్పా సాలు," అన్నాడు.

పరీక్షకు నీళ్లు సీసాలో పట్టాలంటే ఏటవాలు బాట వెంట గుంతలోకి దిగాలి. దిగేముందు కేక వేయడం నా అలవాటు.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

ఎదుటి రాతిగోడ తిరిగి పలికింది. "ఉండారా?"

చెవి పొరపాటనుకుని, ఒక్కో అక్షరం ఒత్తి మళ్లీ అరిచాను. మళ్లీ "ఉండారా?" అనే వచ్చింది.

"రాయి నీ మాట దిద్దతాండాది సూడప్పా. బళ్లో మీ అయివారు గూడా ఇంత ఓపిగ్గా సెప్పుండడు," అన్నాడు మునెప్పన్న.

పట్టుదలకి ఇంకోసారి అరిచాను. రాయికీ పట్టుదలే. ఇద్దరం నవ్వలేక కడుపు పట్టుకుని బాట మొదట్లోనే కూలబడ్డాం. ఆవులు మా వాలకం చూసి ఆగిపోయాయి.

అప్పుడే, అంచున వానకు నానిన గుట్ట జారి గుంతలో పడింది. నీళ్లు ఒక్కసారిగా లేచి, మేం దిగాల్సిన బాటను సగం తీసుకుపోయాయి.

నవ్వు కాసేపు ఆగింది.

తేరుకున్నాక, అంచుకు దూరంగా గుంత చుట్టూ తిరిగి చూశాం. అవతల మనిషి లేడు, మనిషి నిలబడే చోటూ లేదు. మళ్లీ కేకేశాను. ఈసారి "ఉన్నారా?" అనే వచ్చింది, అచ్చం నేనన్నట్టే.

"పని అయిపోయినాక ఇంగ దిద్దేదెందుకప్పా," అన్నాడు మునెప్పన్న, ఆవుల్ని మళ్లిస్తూ.

పక్క చేని బోరు దగ్గర అవి నీళ్లు తాగుతుంటే, వీపులు తడుముతూ పేరుపేరునా వాటికి ఈ కథంతా చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ నవ్వాడు.

గుట్ట ఎందుకు జారిందో నేను బొమ్మ గీసి చెప్పగలను. సరిగ్గా ఆ నిమిషంలో మమ్మల్ని కూర్చోబెట్టి నవ్వించిందెవరో, ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టలేదు.