పడవను బర్రెలా కట్టేసిన శుక్రవారం

తుఫాను లేకుండా, రాయి తగలకుండా, కనీసం ఉన్నచోటు నుంచి కదలకుండా ఒక మంచి తెరచాప పడవ కొంప ముంచవచ్చని లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకణ్ణి నేను. రెండోవాడు రాజన్న. పాతికేళ్లుగా ఆ ఘనత రాజన్న పేరు మీదే ఉంది. ఇవాళ దాన్ని దించి నా నెత్తిన పెట్టుకుందామని కూర్చున్నాను. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

తొంభై అయిదో, ఆరో. బహ్రెయిన్‌లో, గుదైబియాలో ఒక లాండ్రీలో ఇస్త్రీ చేసేవాణ్ణి. మా అమ్మ లెక్కలో మాత్రం నేను దుబాయిలో ఉన్నాను. మా వైపు నుంచి వెళ్లిన ప్రతివాడికీ పాతకాపులు నేర్పే మొదటి పాఠం ఒకటుంది. ఏ పని వచ్చా అని అడిగినా "ఆతా హై సాబ్" అనాలి, వచ్చో రాదో తర్వాత చూసుకోవచ్చు. ఆ ఒక్క మాటతో అప్పటికే నేను మేస్త్రీనై, ఏసీ మెకానిక్‌నై, మూడు రోజులు వంటవాణ్ణి కూడా అయి, అన్ని చోట్లా తరిమేస్తే ఇస్త్రీపెట్టె దగ్గర స్థిరపడ్డాను.

రాజన్న మా మండలంవాడే. నాకన్నా పదేళ్లు పెద్ద. ఒక ఇంగ్లీషు సాబ్ బంగళాలో తోటపని చేసేవాడు. ఆ సాబ్‌కు తెరచాప పడవ ఉండేది. శుక్రవారం వచ్చిందంటే భార్యను ఎక్కించుకుని తీరం వెంట ఊరూరా ఆగుతూ పోవడం, ఒక ఊళ్లో చాయ్ తాగడం, ఇంకో ఊళ్లో ఫొటోలు తీసుకోవడం ఆయన సరదా. ఆ వారం పడవ మీద పనిచేసే మనిషి సెలవులో ఉన్నాడు. అటు రాజన్నకేమో మూడేళ్లుగా ఇంటికెళ్లే చుట్టీ లేదు. అతను వచ్చేశాక పుట్టిన కూతురికి రెండేళ్లు నిండాయి. ఆ పిల్లను ఫొటోలో తప్ప చూడలేదు. ఆ ఫొటో కూడా జేబులో మడతలు పడి, పిల్లకు రెండు ముక్కులున్నట్టు కనబడేది.

సాబ్ ఒక మాటన్నాడట. మనిషిని తెచ్చి ఈ శుక్రవారం షికారు సాఫీగా జరిపిస్తే, శనివారం చుట్టీ కాగితం మీద సంతకం పెడతానని.

రాజన్న నేరుగా లాండ్రీకి వచ్చాడు. "మల్లేశా, పడవ పని అస్తదా?"

"అస్తదన్నా."

"యాడ నేర్సినవ్?"

"గోదావరి మీద."

ఇది పూర్తిగా అబద్ధం కాదు. ధర్మపురి దగ్గర ఒకసారి పడవలో గోదావరి దాటాను. కళ్లు మూసుకుని, పక్కవాడి భుజం గట్టిగా పట్టుకుని.

శుక్రవారం తెల్లవారగానే సిత్రా నుంచి బయల్దేరాం. నువైద్రాత్ దాటకముందే పొద్దున తిన్న పరోటాలు సముద్రానికి సమర్పించుకున్నాను. సాబ్ అనుమానంగా చూస్తే, గోదావరి మీద ఇదే పద్ధతి అన్నట్టు తల ఊపాను. దారిలో చాయ్ కోసం ఒక చిన్న రేవులో ఆగినప్పుడు రాజన్న పడవను కట్టాడు. తాడు వదులుగా, బారెడు వేలాడుతూ ఉంది. ఇదేం కట్టడం అని నాకు మనసులోనే నవ్వొచ్చింది.

తొమ్మిదింటికి అస్కర్ చేరాం. నీళ్లు రాతిగట్టు అంచు దాకా నిండుగా ఉన్నాయి. గడప దాటినంత సులువుగా పడవలోంచి గట్టు మీద కాలు పెట్టొచ్చు. ఆ ఊళ్లో సాబ్‌కు తెలిసిన ముసలి జాలరి ఉన్నాడు, భోజనం ఆయనింట్లో. పడవ జాగ్రత్త అని చెప్పి మొగుడూ పెళ్లాలిద్దరూ వెళ్లిపోయారు. తాడు ఈసారి నేనే అందుకున్నాను.

"కొంచెం పొడుగు ఇడువు తమ్మీ," అన్నాడు రాజన్న.

"పొడుగు ఇడిస్తే పక్కోని చేన్ల పడ్తది."

"ఇది బర్రె కాదురా."

"బర్రె కన్నా ఉషారున్నది. సూడు ఎట్ల గుంజుతున్నదో."

"సరే, గోదావరిల నేర్చినోనివి. నీకే ఎర్క," అన్నాడు రాజన్న. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో దూరి కూర్చుంది.

మా ఇంట్లో ఒక పెంకి బర్రె ఉండేది. దాని కోసం మా నాయన కనిపెట్టిన ముడి ఒకటుంది, గుంజేకొద్దీ బిగుస్తుంది. ముందొకటి, వెనకొకటి, మూరెడు కూడా వదలకుండా రెండు ముడులు వేశాను. వేసి, పడవ వీపు తట్టాను.

అంత బాగా కట్టాక కాపలా దేనికి? అస్కర్ కూలీల క్యాంపులో మావైపు వాళ్లు చాలామంది. శుక్రవారం కనక కోడికూర వాసన రేవు దాకా వచ్చి మమ్మల్ని పిలుచుకుపోయింది. రేపే చుట్టీ అని రాజన్న చెప్పగానే అందరూ ఇళ్లకు ఉత్తరాలు రాసి ఇచ్చారు. అవన్నీ చొక్కాలో దోపుకుని, కడుపుతో ఉన్న మనిషిలా నడుస్తూ వచ్చాడు.

రెండింటికి రేవుకొచ్చేసరికి సగం ఊరు అక్కడే ఉంది. నీళ్లు నిలువెత్తు కిందికి పోయాయి. పడవ మాత్రం పోలేదు. ఉతికి ఆరేసిన లుంగీలా రెండు తాళ్లకు పక్కవాటుగా వేలాడుతోంది. తెరచాప కొయ్య గట్టు మీదికి వాలి, చూడవచ్చినవాళ్లలో ఒకాయన టోపీని ఎత్తి పట్టుకుంది. మేడమ్ గడ్డిటోపీ, సాబ్ బూట్లు, చాయ్ ఫ్లాస్కు కింద బురదలో వరసగా కూర్చున్నాయి.

సముద్రం రోజూ దిగుతుందని తెలియదా అని మీరు అడుగుతారు. మా ఊరి చెరువు దిగాలంటే ఆరునెలల ఎండ కావాలి. టిఫినుకూ భోజనానికీ మధ్య అన్ని నీళ్లు ఎవరు తాగుతారో నాకెలా తెలుస్తుంది?

ముడి విప్పుదామంటే రాయిలా బిగిసింది. కోద్దామంటే పడవ పడి పగులుతుంది. ముసలి జాలరి వచ్చి, కాసేపు చూసి, "సబర్" అన్నాడు. అంటే, సముద్రం మళ్లీ పైకొచ్చి పడవను ఎత్తుకునేదాకా ఓపిక పట్టాలి. ఊరంతా గట్టు మీద చాపలు పరిచి, ఖర్జూరాలు పంచుకుంటూ మా పడవ దిగడం కోసం పెళ్లివారిలా కూర్చుంది. సాబ్ ఒక్కడే కూర్చోలేదు.

"కౌన్ బాందా?" అన్నాడు, కట్టిందెవరని.

నా వేలు నన్ను అడక్కుండానే రాజన్న వైపు తిరిగింది.

రాజన్న ఆ వేలును చూశాడు, నన్ను చూశాడు. "మై బాందా సాబ్," అన్నాడు.

"తుమ్ ఖలాస్. గో హోమ్."

పొద్దుగూకాక పడవ నీళ్లలో తేలింది. ఎందుకట్లా ఒప్పుకున్నావని అడిగితే, "నిన్ను తోల్కొచ్చింది నేనే గద," అన్నాడు. మంగళవారం ఆ ఉత్తరాలతో సహా అతణ్ణి విమానం ఎక్కించారు. "రెండు నెలల చుట్టీ అడిగిన. మొత్తమే ఇచ్చిండు," అన్నాడు విమానాశ్రయంలో. నవ్వాడో లేదో చూసే ధైర్యం నాకు లేకపోయింది.

నాకు శిక్ష పడలేదనుకోకండి. తప్పు రాజన్నది కనక నేను నిపుణుణ్ణని తేలింది. ప్రతి శుక్రవారం వస్తావా అని సాబ్ అడిగాడు. అలవాటు కొద్దీ "ఆతా హై సాబ్" అనేశాను. నాలుగేళ్లు. బహ్రెయిన్ తీరంలో నేను వాంతి చేసుకోని ఊరు లేదు.

నిరుడు రాజన్న ఊరికి వెళ్లాను, అందరి ముందూ నిజం చెప్పేసి పాపం దించుకుందామని. చాయ్ హోటల్లో పదిమంది మధ్య కూర్చుని అతనే కథ చెబుతున్నాడు. పడవ మూడంతస్తుల ఓడ అయింది. ముడి తను ఒంటిచేత్తో వేశాడట. "సముద్రమే కిందికి దిగింది గని, నా ముడి దిగలే," అంటున్నాడు. తాడు తెచ్చి ఆ ముడి వేసి చూపించాడు కూడా. తప్పుగా వేశాడు.

పక్కకు తీసుకెళ్లి, "అన్నా, కట్టింది నేనని ఇయాల అందరికీ చెప్త," అన్నాను.

"ఎందుకు?"

"తప్పు నాది గద."

"తప్పు నువ్వే ఉంచుకో తమ్మీ. ముడి మాత్రం నాది."

లోపలికి తిరిగొచ్చాక, "ఈ మల్లేశం ఆ రోజు నా పక్కనే ఉన్నడు, అడుగుండ్రి," అన్నాడు. పదిమందీ నా వైపు తిరిగారు. ముడి రాజన్నదేనని సాక్ష్యం చెప్పి చాయ్ తాగాను.

అందుకే ఇలా కాగితం మీద పెడుతున్నాను. పెట్టినా రాజన్న ఊళ్లో ఎవరూ నమ్మరు. నా సాక్ష్యం అక్కడ అంత గట్టిగా బిగిసింది. ఇక మీదట పడవనే కాదు, ఇంట్లో బట్టలారేసే తాడు కూడా కట్టనని, కట్టినా ఎవరి వైపూ వేలు చూపించనని, మీ అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. మొన్న మా ఆవిడ దండెం కట్టడం వచ్చా అని అడిగింది. జీవితంలో మొదటిసారి, రాదన్నాను.