పచ్చమెతుకుల పరీక్ష

రోజుకొక మాత్ర మింగి, వారం తిరిగేలోపల కాపురాన్ని గుమ్మందాకా ఈడ్చుకొచ్చిన ఘనత నాది. ఎలాగో చెబుతాను. నవ్వితే నవ్వండి, నా ఎదురుగా మాత్రం వద్దు.

తొంభైల చివర్లో మేము మత్తిగిరిలో ఉండేవాళ్ళం. నేను రోజూ బస్సులో కృష్ణగిరికి ఉద్యోగానికి పోతే, మూడేళ్ళ పాపను మా అత్త చూసుకునేది. ఏదో వారపత్రిక చదివి, ఇకమీద ఇంట్లో ఆరోగ్యకరమైన తిండే తినాలని నిశ్చయించాను. నిశ్చయం నాది, వంట అత్తది. రాగిముద్ద, ఉలవచారు, ఆకుకూరలు అని జాబితా చదివాను.

"పుట్టినప్పటినుంచి తినేది అదే కదమ్మా. దానికి పుస్తకం చూడల్లా?" అంది అత్త.

వండింది, తిన్నాను. అయినా అనుమానం. ఆకు ఎంతసేపు ఉడికిందో, అందులో సత్తువ మిగిలిందో లేదో ఎవరు చూశారు? అందుకని విటమిన్ మాత్రలు కొని, చీరల మడతల్లో దాచి, పొద్దునకొకటి మింగాను. అత్తకు చెబితే ముద్దకు అవమానం, నాకు ఉపన్యాసం.

మూడో రోజుకు మూత్రం బంతిపూల రంగుకు తిరిగింది. (క్షమించాలి, ఈ కథలో దాన్ని తప్పించుకుని నడిచే దారి లేదు.) మావైపు కామెర్లకు ఒక పరీక్ష ఉంది. మూత్రంలో నాలుగు అన్నం మెతుకులు వేస్తారు, పచ్చబడితే కామెర్లే. నేను బి.ఎస్సీ. కెమిస్ట్రీ. అయినా మెతుకులే వేశాను. నలుగు పెట్టిన పెళ్ళికూతుళ్ళలా మెరిసిపోయాయి.

కెలమంగలంలో కామెర్లకు పసరు పోసే తాత దగ్గరికి పరుగెత్తాను.

"వేరే మందేమన్నా తింటా ఉండావా అమ్మా?" అన్నాడు.

"లేదు తాతా."

విటమిన్ మందెలా అవుతుంది, బలం కదా. పసరు తాగించి, ఉప్పూ నూనే చింతపండూ లేని పథ్యం పెట్టాడు. రెండు రోజులకే నీరసం. నీరసానికి మాత్రలు రెండు చేశాను. రంగు ఇంకా ముదిరింది.

ఇక మాత్ర మింగి ముద్దను తిట్టినట్టు, వంటింటి మీద పడ్డాను.

"ఆకు ఏ నీళ్ళతో కడుగుతావత్తా?"

"బోరు నీళ్ళతో. పాలతో కడగల్లా?"

"కామెర్లు ఊరికే రావు కదా. తిండిలోనే ఏదో ఉంది."

"నా చేతిలో ఉండాదంటావు."

"నేనట్ల అనలేదు."

"అనకుండానే అన్నావులే."

మా ఆయన పేపరు వెనకనుంచి, "అందరమూ ఒకే కుండలోది తింటాము కదే, మాకి రాలేదే?" అన్నాడు.

"మీ ఒళ్ళు మీ అమ్మ చేతికి అలవాటు పడిపోయింది" అన్నాను.

అత్త గరిటె కింద పెట్టింది. "పొద్దున్నే కూతురింటికి పోతాను. ఆడ వాళ్ళు పెంచే పట్టుపురుగులన్నా నేను వేసిన ఆకు అనుమానం లేకుండా తింటాయి. నీ బిడ్డను నువ్వే చూసుకో."

అంటే నా ఉద్యోగం అయిపోయినట్టే.

తెల్లారేసరికి గుమ్మం దగ్గర అత్త సంచి. పక్కన ఖాళీ చేసిన నిమ్మకాయ ఊరగాయ సీసా. అందులో పచ్చటి మెతుకులు.

"ఇదెవరిది?"

"నాదే. నాకీ వచ్చినాది."

సిగ్గులేకుండా చెబుతున్నాను, ముందు నాకు కలిగింది సంతోషం. "చూశావా, తిండిలోనే ఉందని నేను చెప్పలేదా?"

అత్త పిడికిలి విప్పింది. నా మాత్రల అట్ట.

"నిన్న సంచి సర్దుకుంటా ఉంటే నీ చీరల్లో దొరికింది. ముందు నీ మొగుడిది, పాపది, నాది, అందరివీ మెతుకులేసి చూసినాను. తెల్లంగా ఉండె. దాని తరువాత ఇది ఒకటి మింగినాను. పొద్దున్నే చూస్తే ఇట్ల. కాలేజీలో ఇన్నేండ్లు ఏమి నేర్పించినారమ్మా నీకి?"

సంచి నేనే విప్పి చీరలన్నీ బీరువాలో సర్దాను. మాత్రలు ఆపిన రెండో రోజుకు నా మెతుకులు మల్లెమొగ్గలయ్యాయి.

కాబట్టి రాగిముద్ద సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ మాత్ర మింగినా నలుగురి ఎదుట మింగుతాను. వండి పెట్టే చేతిని ఈ జన్మలో అనుమానించను.

ఆ సీసా తరువాత ఏమైందో అత్తను అడగలేదు. ప్రమాణం ప్రమాణమే. నిమ్మకాయ ఊరగాయ మాత్రం ఆ ఇంట్లో మళ్ళీ ముట్టలేదు.