లచ్చవ్వ చేతి చెంబెడు నీళ్లు

ప్రభువునందు ప్రియులైన సహోదరీ సహోదరులారా, అందరికీ వందనాలు. కోరుట్ల కూడికలో ఈ సాక్ష్యం చెప్పడానికి లేచి, సగంలోనే ఏడ్చి కూలబడ్డాను. మిగతా సగం పత్రికకు రాసి ఇవ్వమని అక్కడి పాస్టరు గారు అన్నారు. మంచిదే అనుకున్నాను, రాసేటప్పుడు ఏడిస్తే ఎవరికీ కనబడదు కదా! నా పేరు కరుణ. సిరిసిల్లలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠం చెబుతాను. గదినిండా పిల్లల ముందు గంటసేపు గలగలా మాట్లాడే నేను, చాలా ఏళ్లపాటు మనిషన్నవాడి ముందు గుక్కెడు నీళ్లు మింగలేకపోయాను.

నవ్వకండి, అది నిజమైన జబ్బే. ఒక్కదాన్నే ఉంటే తాగేదాన్ని, ఎదురుగా ఎవరైనా ఉంటే మాత్రం గ్లాసు పెదవి దాకా వచ్చేసరికి గొంతు మూసుకుపోయేది, చెమటలు పట్టేవి, మింగబోతే పొలమారి ప్రాణం పోయినంత పనయ్యేది. కాలేజీలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు ముట్టేదాన్ని కాదు. ఆ ఎండల్లో అట్లా ఉండి ఉండి కిడ్నీలో రాళ్లు తెచ్చుకున్నాను. కరీంనగర్‌లో డాక్టరు గొంతులోకి గొట్టం వేసి చూసి, అంతా బాగానే ఉందమ్మా, నీకేమీ లేదు అన్నాడు. నాకేమీ లేదన్న ఆ మాట విని ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఎంత ఏడ్చానో!

అది ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. మాది బోయినపల్లి వైపు ఒక పల్లె, ఊరి చివరి మాదిగవాడలో పుట్టాను. జగిత్యాలలో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ వాళ్లు సేవా శిబిరమని ఒక ఊరికి తీసుకెళ్లారు. ఎంత సంబరంగా వెళ్లానో! వంట జట్టులో నా పేరు వేస్తే పాటలు పాడుకుంటూ ఉల్లిగడ్డలు కోస్తున్నాను. వంట చూడటానికి వచ్చిన ఆ ఊరి పెద్దింటి ఆమె పక్కన కూర్చుని, "ఏ ఊరు బిడ్డా మీది? ఏ వాడ?" అని ప్రేమగానే అడిగింది, నేనూ ప్రేమగానే చెప్పాను. ఆమె నా చేతిలోంచి కత్తి మెల్లగా తీసుకుని, "నువ్వు పోయి గా వాకిలి ఊడ్వుపో బిడ్డా, గిక్కడ మేం జూస్తంగని" అంది. మధ్యాహ్నం అన్నాల దగ్గర అందరి ముందూ స్టీలు గ్లాసులు పెట్టారు, నా దగ్గరికి వచ్చేసరికి దోసిలి పట్టమన్నారు. పైనుంచి పోశారు. మమ్మల్ని తీసుకొచ్చిన సారు చూశాడు, చూసి తన విస్తరి వైపు తల దించుకున్నాడు. ఎవరూ ఒక్క చెడ్డమాట అనలేదు సహోదరులారా, అందరూ నవ్వుముఖంతోనే ఉన్నారు! ఆ నీళ్లు మింగుతుంటే పొలమారింది. అప్పటినుంచి మరి దిగలేదు.

నా భర్త దానియేలు ఎంత మంచివాడంటే, గ్లాసు స్టూలు మీద పెట్టి, తలుపు దగ్గరగా వేసి, తానే వాకిట్లోకి పోయి నిలబడేవాడు, ఒక్కనాడూ విసుక్కోలేదు. మా చిన్నదానికి మాటలు వచ్చీ రాకముందే ఈ అలవాటు వచ్చింది. ఇంటికి చుట్టాలొస్తే వాళ్ల చేయి పట్టి గుంజి, "మా మమ్మీ నీళ్లు తాగుతది, గటు తిరుగుర్రి" అని చెప్పేది. అందరూ నవ్వేవారు, నేను గ్లాసు పట్టుకుని వంటింట్లోకి పోయేదాన్ని. అన్నిటికంటే పెద్ద బాధ ప్రభువు బల్ల దగ్గర. రొట్టె ఎట్లాగో నమిలేదాన్ని, ద్రాక్షరసం పోసిన ఆ చిన్న గిన్నె మాత్రం నోటిదాకా ఎత్తి, తాగినట్టు తల వంచి, నిండుగానే పళ్లెంలో పెట్టేదాన్ని. నా కోసం చిందిన రక్తాన్ని గుర్తు చేసుకునే గిన్నెను కూడా తాగలేకపోతే నేనేం విశ్వాసిని, చెప్పండి?

మా పాస్టరమ్మ గారు గిన్నెలు కడిగేటప్పుడు ఆ నిండు గిన్నె ఎవరిదో కనిపెట్టారట. ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక నన్ను పక్కకు పిలిచి, ఏమీ అడగకుండా నా గొంతు మీద చేయి పెట్టి, "ప్రభువా, ఈ బిడ్డ గొంతుల ఏం అడ్డం పడ్డదో నీకెరుక, నువ్వే తియ్యాలె, మాతోని కాదు" అని ప్రార్థించారు. ఆమె ఆ ప్రార్థన ప్రతి శుక్రవారం చేశారు. నాకు మార్పేమీ కనబడలేదు. పైగా ఆ ఏడే మా ప్రిన్సిపాలు గారు నన్ను పిలిచి, ఈసారి సేవా శిబిరం నువ్వు నడపాలమ్మా అన్నారు! దేవుడు పామును చూసి పారిపోయే మనిషిని పుట్ట దగ్గరికే పంపుతున్నాడేమిటి అనుకున్నాను.

ఎల్లారెడ్డిపేట మండలంలో ఒక పల్లె. ఊరి బడిలో మా మకాం. ఈ శిబిరాలకు ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉంది. పొద్దున పలుగు పార పట్టుకుని ఎస్సీ కాలనీకి పోవాలి, మురుగు మోరీలు తీయాలి, సున్నం చల్లాలి, ఫోటో దిగాలి, అన్నం వేళకు బడికి తిరిగి వచ్చేయాలి. వాళ్ల గడప ఎక్కేది లేదు, వాళ్ల చేతిది తినేది లేదు. నేను చేయని తప్పుకు నాకు పడిన శిక్ష నా శిబిరంలో ఎవరికీ పడకూడదని, మొదటిరోజే ఊరందరికీ, కాలనీతో సహా, బడిలో సహపంక్తి భోజనం పెడదామని నిర్ణయించాను. ఊర్లో డప్పు చాటింపు వేయించాను. కాలనీలో లచ్చవ్వ అనే పెద్దావిడ కొడుకే డప్పు కొట్టేది, అతను పాపం గొంతు పోయేదాకా, "బడిల అందరికి బువ్వ, అందరు రావాలె" అని ప్రతి బజారులో చాటాడు. ఊరు వచ్చింది. కాలనీ నుంచి ఒక్క ప్రాణి రాలేదు, డప్పు కొట్టినవాడు కూడా రాలేదు!

నాకు కోపం వచ్చింది, నిజం చెబుతున్నాను. ఇంత చేస్తే రారా అని మరునాడు విసవిసా లచ్చవ్వ ఇంటికి పోయాను. ఆమె బీడీలు చుట్టుకుంటూ నన్ను చూసి నవ్వింది.

"సాటింపంటే ఊరోళ్లకు గద బిడ్డా. మా వాడల ఎన్నడన్న డప్పు కొట్టి పిలిసిర్రా? మావోడు ఊరంత కొట్టి ఇంటికచ్చి డప్పు కొయ్యకు తగిలేత్తడు, గంతె. గది మా కోసం అని వానికే తెల్వది."

పుట్టింది అటువంటి వాడలోనే కదా, మా బజారులో చాటింపు ఎన్నడూ వినలేదన్న సంగతి నాకైనా గుర్తుకు రావద్దా! లచ్చవ్వ బీడీల చాట పక్కకు పెట్టి, "అయినా మమ్ముల పిలుసుడు గాదు బిడ్డా, మీరే రాకపోతిరి. ఏటేట అత్తరు, మోరీ తీత్తరు, పోతరు. మా ఇంట్ల గుక్కెడు నీళ్లన్న తాగిర్రా ఎవలన్న? ఎవలింటికన్న పోతె నీళ్లు తాగకుంట అత్తరా?" అంటూ లేచి, తళతళా తోమిన రాగి చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు పట్టుకుంది.

నా గొంతు మూసుకుపోయింది. తర్వాత తాగుతాను అవ్వా అన్నాను. ఆమె చెంబు మెల్లగా వెనక్కి తీసుకుని, "సరె తియ్ బిడ్డా" అంది. ఆ గొంతు నాకు తెలుసు సహోదరులారా! అది మా అమ్మ గొంతు, ఊర్లోవాళ్ల ముందు తగ్గి మాట్లాడే గొంతు. ఆ గొంతుతో ఆ రోజు ఒక ముసలి తల్లి నాతో మాట్లాడింది. నేను ముట్టనన్నానని అనుకుంది.

ఆ సాయంత్రం పిల్లలు వాలీబాల్ ఆడుకుంటుంటే బడి వెనక వేపచెట్టు కింద మోకరించాను. "తండ్రీ, ఇన్నేళ్లు నా గొంతు బాగుచెయ్యి అని అడిగాను, ఈ రోజు అది అడగను. ఆ తల్లి ముఖం నేను చిన్నబుచ్చాను, దాన్ని నువ్వు బాగుచెయ్యి. నువ్వే ఒకనాడు ఎండలో అలసిపోయి, నీవాళ్లెవరూ ముట్టని మనిషి దగ్గర కూర్చుని తాగడానికి నీళ్లు అడిగావు కదా ప్రభువా! నాకూ ఆ అడిగే నోరు ఇయ్యి, చచ్చినా సరే తాగుతాను" అని ప్రార్థించాను. లేచి నేరుగా లచ్చవ్వ ఇంటికి పోయి, అవ్వా, రేపు మా పిల్లలందరికీ మీ వాడలో అన్నం పెడతారా అని అడిగాను. ఆమె, "మీ పిల్లలు తింటరా?" అంది. తెలియదవ్వా అన్నాను.

మరునాడు వాడలోని ఆడవాళ్లంతా కలిసి జొన్నరొట్టెలు, అన్నం, పప్పు, తునకల కూర, మాంసం ముట్టని వాళ్ల కోసం వేరే పొయ్యి మీద వంకాయ, అన్నీ చేశారు, వేపచెట్ల నీడన చాపలు పరిచారు. మా పిల్లలు వచ్చి నిలబడ్డారు. కొందరు కూర్చున్నారు. సగం మందికి మాత్రం ఒక్కసారిగా ఒక్కపొద్దు గుర్తొచ్చింది! ఒకడికి కడుపునొప్పి, ఒకడికి పొద్దున తిన్నది అరగలేదు. నాకు ఒళ్లు మండి, గట్టిగా కోప్పడబోయాను. అప్పుడు మౌనిక, రైతుల ఇంటి పిల్ల, నా క్లాసులో ముందు వరుసలో కూర్చునేది, భయపడుతూనే ముందుకొచ్చింది.

"మేడం, తప్పుగ అనుకోకుర్రి. మీరు మా ముంగట ఎన్నడు నీళ్లు తాగంగ సూడలే. మీది అంటుముట్టు పట్టింపు ఉన్న ఇల్లు గావచ్చని కాలేజంత అనుకుంటరు. మీరే ఎవలింట్ల ముట్టరు, మమ్ముల తినుమంటరేంది?"

అయ్యో దేవా! నాచేత దోసిలి పట్టించినవాళ్ల జాబితాలో నన్నే చేర్చేశారు పిల్లలు! నా గాయం బయటివాళ్లకు అట్లా కనబడిందా? అక్కడే, చాపల మధ్య నిలబడి, అంతా చెప్పాను. మాది ఏ వాడో చెప్పాను, కత్తి సంగతి, వాకిలి సంగతి, దోసిలి సంగతి చెప్పాను, చెబుతూ ఏడ్చాను. మౌనిక కూడా ఏడ్చింది. లచ్చవ్వ మాత్రం ఏడవలేదు. లోపలికి పోయి ఆ రాగి చెంబే తెచ్చింది, నా పక్కన కూర్చుని వీపు మీద చేయి వేసి, "మెల్లగ తాగు బిడ్డా, ఎవలు గుంజుకపోతలేరు" అంది.

యేసయ్యా అన్నాను. ఒక్క గుక్క. పొలమారింది. అందరూ లేచారు. లచ్చవ్వ నా మాడు మీద తట్టి, "ఎవలో తలుసుకుంటుర్రు" అంది, ఆ మాటకు నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఇంకో గుక్క దిగింది, ఇంకో గుక్క, చెంబు ఖాళీ! అంతమంది చూస్తుండగా చెంబెడు నీళ్లు తాగాను సహోదరులారా, దేవునికే మహిమ! పాస్టరమ్మ గారు శుక్రవారం శుక్రవారం అడిగినదాన్ని ప్రభువు ఒక బీడీలు చుట్టే తల్లి చేతితో తీసివేశాడు.

మౌనిక నా పక్కనే కూర్చుని రొట్టె తుంచింది. ఒక్కపొద్దువాళ్లు చాలామంది మెల్లగా వచ్చి కూర్చున్నారు, కొందరు చివరిదాకా కూర్చోలేదు, వాళ్ల కోసం ఇప్పటికీ ప్రార్థిస్తున్నాను. భోజనమయ్యాక, మీకు మేమేం చేయాలి అని మొదటిసారి అడిగాం. మోరీ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఊరి నీళ్ల ప్లాంటు దగ్గర తమ క్యాన్లు అందరివీ నిండాక చివరికి నింపుతారని, వరుసలో పెట్టనిచ్చేటట్టు చూడమని అడిగారు. మరునాడు పొద్దున మా పిల్లలే ఆ క్యాన్లు మోసుకుపోయి, వచ్చిన వరుసలోనే పెట్టి పక్కన నిలబడ్డారు. ఎవరో గొణిగారు. మౌనిక కదలలేదు. క్యాన్లు వాటి వంతుకే నిండాయి.

ఇప్పుడు మా శిబిరంలో వంట పనికీ ఊడ్చే పనికీ చీట్లు వేస్తాం, ఎవరినీ ఏ వాడ అని అడగం. మొదటిరోజు పార ముట్టం, ముందు వాడకు పోయి కూర్చుని నీళ్లు అడిగి తాగుతాం. యూనివర్సిటీ వాళ్లు శిబిరాలు నడిపే మాస్టర్లందరినీ పిలిచి, వివక్ష లేకుండా సేవ ఎట్లా చేయాలో చెప్పమంటే ఇదే చెప్పాను. మాట్లాడుతూ మధ్యలో ఆగి, అందరి ముందూ గ్లాసెడు నీళ్లు తాగాను. అది నా సాక్ష్యమని అక్కడ ఎవరికీ తెలియదు, నాకూ నా ప్రభువుకూ తెలుసు.

లచ్చవ్వ ఊరి శిబిరం నుంచి వచ్చాక మొదటి ఆదివారం ప్రభువు బల్ల. చిన్న గిన్నె చేతిలోకి తీసుకోగానే, పక్కన కూర్చున్న మా చిన్నది అలవాటు ప్రకారం ముఖం అటు తిప్పుకుంది. దాని గడ్డం పట్టుకుని, "ఇటు చూడు బిడ్డా" అన్నాను. అది కళ్లు ఇంత చేసుకుని చూస్తుంటే తాగాను. దానియేలు వెనక వరుసలో వెక్కి వెక్కి ఏడ్చాడు, పాస్టరమ్మ గారు ఖాళీ గిన్నెను పళ్లెంలో పెట్టుకుని స్తోత్రం స్తోత్రం అంటూ పోయారు.

ప్రియులారా, మీలో ఎవరి గొంతులోనైనా ఎప్పటిదో ఒక అవమానం అడ్డం పడి ఉంటే, దాన్ని ఒక్కరే దాచుకుని మోయకండి, నన్ను విడిపించిన యేసయ్యకు అప్పగించండి, ఆయన ఎవరి చేతితో తీస్తాడో మీరు ఊహించలేరు. సిరిసిల్ల వైపు వస్తే మా ఇంటికి రండి. గడపలోనే మా చిన్నది మీకు నీళ్లిస్తుంది, మీరు ఎవరని అడగదు. మీ ఎదురుగా కూర్చుని నేనూ తాగుతాను.