పేడనీళ్ల రుజువు

రిటైరవడానికి మూడేళ్ల ముందు, వేసవి మొదట్లో, నన్ను అనకాపల్లి రేంజిలో సెక్షన్ ఆఫీసరుగా వేశారు. అటవీ శాఖలో ఈ పదవి ఇంట్లో నడిమి కోడలి లాంటిది. పైన రేంజరు, కింద బీట్ ఆఫీసర్లు. తప్పెవరిదైనా మాట పడేది మాత్రం మేమే.

నాకు అప్పగించిన పని ఒక కొత్త కాపలా ఒప్పందం; నేను చేరిన వారంలోనే సంతకాలయ్యాయి. మాడుగుల వైపు కొండ మీద చిన్న ఊరొకటి ఉంది. ఆ కొండ పచ్చగా ఉంటేనే కింద చెరుకు రైతుల బావుల్లో నీళ్లు ఊరతాయి. అందుకని కింది రైతుల సంఘమూ మా శాఖా కలిసి, అడవిని కాసినందుకు పై ఊరికి ఏటా సొమ్ము ఇస్తాయి. షరతులు రెండే: కొండకు నిప్పు పెట్టకూడదు, వేటాడకూడదు. నిప్పు సంగతి ఉపగ్రహం ఫొటోలే చెప్పేస్తాయి. వేట సంగతి తేల్చడానికి బయటి నుంచి తనిఖీ అధికారి వస్తాడు. ఆయన సరేనంటేనే సొమ్ము. ఆ ఏడు ఊట నుంచి ఊళ్లోకి వచ్చే మంచినీళ్ల పైపు పగిలిపోయి, ఆడవాళ్లు కింద పారే గెడ్డ నుంచి బిందెలు మోస్తున్నారు. సొమ్ము వస్తేనే కొత్త పైపు.

ఇంతలో చైత్రంలో ఇటుకల పండగ, అంటే కొండవాళ్ల వేట పండగ, వచ్చిపడింది. మగవాళ్లు విల్లంబులతో కొండెక్కకపోతే విత్తనం మొలవదని అక్కడి నమ్మకం. వేట దొరక్క ఉత్తచేతులతో దిగారో, ఊరి మొదట్లోనే ఆడవాళ్లు పేడనీళ్లు కుమ్మరిస్తారు. చట్టం ఎప్పటినుంచో వేటకు వెళ్లొద్దంటోంది, పండగ అంతకు ముందు నుంచే వెళ్లమంటోంది.

ఊరి వన సంరక్షణ సమితి అధ్యక్షుడు సోమన్న నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "బాబూ, కొండెక్కి ఊరికే తిరిగొచ్చేత్తాం. మా ఆడోళ్లకి ఓ మాట సెప్పండి." ఎలుగుబంటిని కర్రతో తరిమిన మనిషి, భార్యకు నాతో కబురు పంపుతున్నాడు.

ఆయన భార్య గంగమ్మ చోళ్లు చెరుగుతోంది. నా మాటంతా విని చాట దించింది.

"వేట మానేత్తావని కాయితం మీద మొగోళ్లు ఏలిముద్రలేసేరు. పేడనీళ్లు మానేత్తావని మేవెక్కడేసేం బాబూ?"

నిజమే. సంతకాల రోజు ఆడవాళ్లను టీ పెట్టమన్నాం తప్ప కూర్చోమనలేదు.

పండగనాడు వేట జరక్కుండా చూడాలి కాబట్టి నేనూ వాళ్లతో కొండెక్కాను. ఒక అడవిపంది మా ముందు నుంచే దాటింది. సోమన్న చెయ్యి వింటి మీదకు పోయింది, అక్కడే ఆగింది. ఆ క్షణాన ఆయన మీద గౌరవమూ కలిగింది, జాలీ కలిగింది.

ఊళ్లో నీళ్లకు కరువు గానీ పేడనీళ్లకు కరువు రాలేదు. మగవాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చి తడిశారు. నేను మెల్లగా పక్కకు జరుగుతుంటే గంగమ్మ చూడనే చూసింది. "బాబుగారూ కొండెక్కేరు కదా, ఏటి తెచ్చేరు?" అంది. నేను ఖాళీ చేతులు చూపించాను, ఆమె చేతిలో బకెట్టు ఉంది. ఆ రాత్రికి సోమన్న లుంగీతో, బనీనుతో అక్కడే ఉండిపోయాను.

మర్నాడు పొద్దున్నే తనిఖీ అధికారి దిగాడు. పండగ డప్పులు విని పక్క ఊరివాళ్లెవరో, వేట జరిగిందని ఫోను చేశారట. జరగలేదని చెప్పాను. లుంగీలో ఉన్న ఆఫీసరు మాటకు విలువెంత? రుజువు చూపించమన్నాడు. జరగనిదానికి రుజువు ఎక్కడ తేవడం? సోమన్న మొహం వాడిపోయింది. పైపు పోయినట్టే అనుకున్నాను.

గంగమ్మ తనిఖీ అధికారిని కంచె దగ్గరికి తీసుకెళ్లింది. కంచె పొడుగునా మగవాళ్ల చొక్కాలు మరకలతో ఆరుతున్నాయి. గెడ్డ నుంచి మోసిన నీళ్లు చొక్కాలకు ఎవరు ఖర్చు పెడతారు? ఎవరూ ఉతకలేదు. మధ్యలో నా ఖాకీ కూడా ఉంది.

"ఒక్క కుందేలు దొరికినా ఈ సొక్కాలు ఇలాగుండవు బాబూ. ఊరు ఊరంతా తడిసిన పండగ నేనెప్పుడూ సూళ్లేదు."

ఆయన నా ఖాకీని చూశాడు, నన్ను చూశాడు, నవ్వాపుకోలేక అటు తిరిగాడు. నివేదికకు ఆ కంచె ఫొటో జతచేశాడు. వానలకు ముందే పైపు పడింది.

ఒప్పందం రాసినప్పుడు మేం లెక్కగట్టింది పోడు పంటా, వేట మాంసమూ. వాళ్లు వదులుకున్నది పండగనాటి పరువు. అడవిని కాయమని అడిగేటప్పుడు ఊరు ఏం వదులుకుంటోందో తెలుసుకోవాలి, ఆ సంగతి ముందు ఆడవాళ్లను కూర్చోబెట్టి అడగాలి. ఆ తర్వాతి ఒప్పందాలన్నీ అలాగే రాయించాను. గంగమ్మ ఊళ్లో కూడా తిరగరాయించాం. అన్ని షరతులకూ ఆవిడ వేలిముద్ర వేసింది, పేడనీళ్లు మానే షరతుకు తప్ప.