ప్యాడ్ల వెనక గీత

నాకు అనుమానం ఎక్కువ. పాలు పోయించుకుంటే వేలితో రాసి చూస్తాను, మాత్రలు కొంటే అట్ట మీద తేదీ మూడుసార్లు చదువుతాను. అలాంటివాణ్ణి పోయి పోయి పాత స్పోర్ట్స్ కారు కొన్నాను. ఎర్రది, రెండే తలుపులది, నేలకు జానెడు ఎత్తున నడిచేది. చోడవరంలో మా వీధి వీధంతా నవ్వింది. నవ్వని మనిషి ఒక్క మెకానిక్కే. నా మొదటి మోపెడ్ నుంచి ఇరవై ఏళ్లుగా నా బళ్లన్నీ ఆయన చేతి మీదే నడిచాయి. నాకంటే పదేళ్లు పెద్ద, అన్నయ్యా అని పిలిచేవాణ్ణి. ఊళ్లో నేను నమ్మే మనిషంటూ ఉంటే ఆయనేనని అందరితో చెప్పుకునేవాణ్ణి కూడా.

ఆమధ్య ఆ కారు ముందు బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయి. ఆ మోడల్ ఆపేసి చాలాకాలమైంది, కంపెనీ ప్యాడ్లు దొరకవు. బయట రకాలు కొనుక్కోవాలి. ఫోన్లో చూస్తే బోలెడు రకాలు. రేసులవాళ్లవి కొందామని నా సరదా. మెకానిక్కు వద్దన్నాడు. అవి బాగా వేడెక్కితే గానీ పట్టవట, గేదె అడ్డం వచ్చే రోడ్ల మీద చల్లగా ఉన్నప్పుడే పట్టేవి కావాలట. ఒక మామూలు రకం పేరు చెప్పి, విశాఖపట్నంలో తనకు తెలిసిన షాపులో తీసుకోమన్నాడు.

తెలిసిన షాపు అనగానే నా బుర్రలో పురుగు తొలిచింది. కమిషన్ ఉండి ఉంటుంది. ఆయన చెప్పిన రకమే కొన్నాను గానీ, ఆయన చెప్పిన షాపులో కొనలేదు. ఇంకో షాపుకి పోయి, డబ్బా మీద మెరిసే స్టిక్కర్ని గోటితో గీకి చూశాను. ప్యాడ్లు వాసన చూశాను. చాలదన్నట్టు పక్క కిరాణా కొట్లో కాటా మీద ఒక్కొక్కటీ తూయించాను. కొట్టువాడు నన్ను ఎగాదిగా చూశాడు. నాలుగూ సమానంగానే తూగాయి. అయినా నా మనసు కుదుటపడలేదు.

డబ్బా తన షెడ్డులో పెట్టి వెళ్లమనీ, పొద్దున్నే బిగిస్తాననీ అన్నాడు మెకానిక్కు. ఆ రాత్రికి మార్చేస్తే? ఏదో వంక చెప్పి ఇంటికి తెచ్చేశాను. ఒక్కొక్క ప్యాడ్ వెనక రేకు మీద మేకుతో రెండేసి గీతలు గీసి, డబ్బా దేవుడి గదిలో పెట్టాను. ఆ గదిలోకి మా అమ్మ తప్ప ఎవరూ పోరు. మర్నాడు ఆయన బిగిస్తున్నంతసేపూ ఎదురుగా స్టూలేసుకుని కూర్చున్నాను. మధ్యలో ఫోనొస్తే రెండు నిమిషాలు బయటికి వెళ్లాను, అంతే.

ఆ సాయంత్రం మా అమ్మాయిని ఎక్కించుకుని గోవాడ వైపు వెళ్లాను. ముందు పోతున్న చెరుకు ట్రాక్టరు ఉన్నట్టుండి ఆగింది. బ్రేకు తొక్కితే కారు ఆగదే! జారుతూనే పోయింది. స్టీరింగు తిప్పేసి మట్టిలోకి దించాను. చెరుకు గెడల చివర్లు అమ్మాయి వైపు అద్దానికి రాసుకుంటూ పోయాయి. అది నా చొక్కా గట్టిగా పట్టుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రెండు నిమిషాలే గుర్తొచ్చాయి. అమ్మాయిని ఇంటి దగ్గర దించి, కారును ఈడ్చుకుంటూ తిన్నగా షెడ్డుకి పోయాను. నలుగురూ ఉన్నారని కూడా చూడలేదు.

"ఇవి నేను తెచ్చిన ప్యాడ్లు కావు. మార్చేశావు" అన్నాను.

ఆయన జాకీ పెట్టి చక్రాలు విప్పాడు, నాలుగు ప్యాడ్లూ తీసి బల్ల మీద బోర్లా పెట్టాడు. నాలుగింటి వెనకా నా గీతలున్నాయి.

"ఇదేటి బాబూ, ఈ గీతలు?"

నేను ఆ గీతల మీద అరచెయ్యి పెట్టాను.

"నువ్వే గీసేవా?"

తలూపాను. ఆయన ఒక ప్యాడ్ తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నువ్వులనూనె. సందులో పసుపు కూడా ఉంది సూడు. బొట్టెట్టేరు. ఎనక రేకుకి ఎట్టుకుంటే తప్పు నేదు. డిస్కుని నొక్కే ముఖం నూనె తాగితే ఇంక పట్టదు బాబూ."

ఇంటికొచ్చి అమ్మని అడిగితే దాచలేదు. కొత్త సామాను బొట్టు లేకుండా ఎలా వాడతారంది. నూనెలో పసుపు కలిపి, నల్లగా నున్నగా ఉన్న వైపే ముఖం అనుకుని నిండా రాసిందట.

"గుంట ఎక్కే బండి కదరా, పిల్లకేటీ కాకూడదని ఎట్టేను. నువ్వు తిడతావని పొద్దున్నే తుడిసేసేను" అంది. ఆవిణ్ణి ఏమనను? డబ్బా అక్కడ పెట్టింది నేను.

ఈసారి ఆయన చెప్పిన షాపుకే వెళ్లాను. అదే రకం తెచ్చాను, డబ్బా కూడా విప్పలేదు. ఆయన బిగించి, డిస్కులు శుభ్రంగా తుడిచి, తనే గోవాడ రోడ్డు మీద నాలుగుసార్లు తొక్కి చూసుకొచ్చాడు. తాళాలు నా చేతిలో పెడుతుంటే, తప్పయిపోయింది అన్నయ్యా అన్నాను. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గుపడలేదు.

"బ్రేకు బాగుంది, భయం నేదు. గుంటని ఎక్కించుకో" అన్నాడు. గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. "ఇకనించి మాత్రం బండి ఇంకో సోట సూపించుకో బాబూ. ఎనకాల గీత ఉందేమోనని సూసుకుంటా పనిసేస్తే నా సెయ్యి ఆడదు."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఇంకో రోజు వెళ్లి బతిమాలుకునేవాణ్ణి.

బ్రేకు భేషుగ్గా పడుతోంది. ట్రాక్టరు వెనక ఎక్కడ ఆపాలంటే అక్కడ ఆగుతోంది. స్పోర్ట్స్ కారుని ఇంత నెమ్మదిగా నడుపుతావేంటి నాన్నా అని మా అమ్మాయి వెక్కిరిస్తుంది. ఆయన చివరిసారి బిగించిన ఈ ప్యాడ్లు అరిగిపోకూడదని దానికి చెప్పలేదు.